భాయ్‌సాబ్ ప్రోగ్రాంలో నా చెయ్యి

ఆ ఈమెయిలు పదకొండు మందికి వెళ్ళింది. రాసినావిడ మా కింది అంతస్తులోనే కూర్చునేది. నాలుగు మెట్లెక్కి వచ్చి అడగడానికి కాళ్ళు రాలేదు గానీ, పదకొండు మందికి చాడీలు చెప్పడానికి వేళ్ళు బాగానే ఆడాయి. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అది 1999 జూలై, ఇక్కడ చలికాలం. సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక పెన్షన్ల కంపెనీ. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా పాత ప్రోగ్రాములు సరిచేయడం మా పని. ప్రోగ్రాములు రాసే మేము పైన, దాదాపు అందరం తెలుగువాళ్ళమే. వాటిని పరీక్షించే టెస్టింగ్ టీము కింద, అందరూ ఇక్కడివాళ్ళే. ఆ టీముకి పెద్ద ఈ ఈమెయిలావిడ. మేం వాళ్ళని పోలీసులనేవాళ్ళం. వాళ్ళు మమ్మల్ని ఏమనేవాళ్ళో తెలీదు, మంచి మాటై మాత్రం ఉండదు.

నా పక్క సీటు భాయ్‌సాబ్‌ది. హైదరాబాదు ఆయన. నేను బళ్ళో ఎక్కాలు వల్లెవేసే రోజులకే కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్న మనిషి. టూంగాబీలో మా వెనక వీధిలోనే ఇల్లు, పొద్దున్నే ఒకే రైల్లో వచ్చేవాళ్ళం. భార్యా ముగ్గురు పిల్లలూ వచ్చి రెండు నెలలే అయింది. మా వీసాలన్నీ మమ్మల్ని తెచ్చిన ఏజెన్సీ చేతిలో ఉండేవి. వాళ్ళు వద్దంటే నెల తిరక్కుండా పెట్టె సర్దుకోవాల్సిందే.

ఒక సోమవారం ఆయన ప్రోగ్రాంలో తప్పు నా కంట పడింది. తేదీలో సంవత్సరానికి చివరి రెండంకెలే ఉంటే, ముప్ఫై లోపువన్నీ రెండువేల తర్వాతవిగా లెక్కెయ్యాలని మా నియమం. భాయ్‌సాబ్ దాన్ని పుట్టినతేదీలకి కూడా పెట్టేశాడు. అంటే 1928లో పుట్టిన ముసలాయన 2028లో పుడతాడన్నమాట! ఇంకా పుట్టని మనిషికి పెన్షనెవరిస్తారు?

చెప్పాలి. ఎలా చెప్తాను? పెద్దాయన, నాకు పని నేర్పినాయన. మొహం మీద 'మీరు తప్పు రాశారు' అనడానికి నోరు రాలేదు. మా ఇంట్లో పెద్దల తప్పులు పిల్లలు చూడనట్టే ఉండాలి, వీలైతే చప్పుడు కాకుండా సర్దాలి. నేనూ అదే చేశాను. మా వరసలో కూర్చునే నలుగురికీ ఒకటే లాగిన్, ఎవరు మార్చారో కంప్యూటరు చెప్పదు. ఆయన భోజనానికి లేచినప్పుడు తప్పున్న నాలుగు లైన్లూ మార్చేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. గొప్ప ఉపకారం చేశాననే అనుకున్నాను.

ఆ ప్రోగ్రాముని కింద అప్పటికే గురువారం నుంచి పరీక్షిస్తున్నారని నాకు తెలీదు. మేమెవరం అడగలేదు, వాళ్ళెవరూ చెప్పలేదు. ఒక్కసారిగా జవాబులు మారిపోయేసరికి వాళ్ళ పనంతా గంగలో కలిసింది. ప్రోగ్రాం మీద ఉన్నది భాయ్‌సాబ్ పేరు. దాంతో ఈమెయిలు: పరీక్షకిచ్చినదాన్ని దొంగచాటుగా మార్చాడు, ఇలాంటి మనిషితో పనిచేయలేం అని.

మర్నాడు మేనేజరు ఆయన్నీ, ఆవిడనీ, మా టీము తరఫున నన్నూ పిలిచాడు. ఎవరు మార్చారని అడిగితే భాయ్‌సాబ్ తలొంచుకుని, "ఇంకెప్పుడూ జరగదు సర్" అన్నాడు. అంతే.

ఒక్క క్షణం నాకు హాయిగా ఊపిరాడింది. ఆ క్షణానికే నా మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం. మేనేజరు "సరే, ఏజెన్సీకి ఫోన్ చేస్తాను" అనేసరికి లేచి నిలబడ్డాను.

"మార్చింది నేను. ఆయనకి తెలీదు కూడా."

ఆ తర్వాత ఆగలేదు. నా ఇంగ్లీషులో సగం తెలుగు కలిసిపోయింది. తప్పేమిటో బోర్డు మీద రాసి చూపించాను. ఆవిడ చల్లగా, "తెలుసు, శుక్రవారమే చూశాం. పరీక్షంతా అయ్యాక అన్నీ కలిపి పంపుదామని ఆగాం" అంది.

"శుక్రవారమా! ఒక్క మాట పైకొచ్చి చెబితే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాను.

"నువ్వొక్క మాట కిందికొచ్చి చెబితే నీదేం పోయేది?" అని ఆవిడా అరిచింది. ఆవిడకీ గొంతుందని అప్పుడే తెలిసింది.

తప్పు రెండువైపులా ఉందని తేలేసరికి మేనేజరు ఫోన్ ఊసు వదిలేశాడు. రోజూ పదింటికి, ఒకనాడు పైవాళ్ళు కిందికీ ఒకనాడు కిందివాళ్ళు పైకీ వెళ్ళి మాట్లాడుకోవాలని, ఈమెయిళ్ళు ఆ తర్వాతేనని తేల్చాం. మొదటిరోజు ఆవిడే పైకొచ్చింది. కొట్లాడుకుంటూనే పని నడిచింది.

ఆ రోజు మేనేజరు గదిలోంచి బయటికి రాగానే భాయ్‌సాబ్ నన్ను మెట్ల దగ్గర ఆపాడు. థాంక్స్ చెప్తాడనుకున్నాను.

"నువ్వే మార్చినవని నిన్ననే సమజైంది చెల్లె. నీ నౌకరి పోతదని నోరు మూసుకున్న. గానీ నాకెందుకు చెప్పలే?"

"మీరు పెద్దవారు, బాధపడతారని..."

"ఇరవై ఏండ్లసంది రాస్తున్న. తప్పు చెప్తే దిద్దుకునుడు రాదా నాకు? ఆమె నన్ను దొంగన్నది. నువ్వైతే పనికిరానోణ్ణి చేసినవ్."

నాకూ కోపం ముంచుకొచ్చింది. నా ఉద్యోగం పోతే పోయిందని నిజం చెబితే ఇదా మాట అని. ఆ కోపం తగ్గడానికి చాన్నాళ్ళు పట్టింది, ఆయన అన్నది నిజం కాబట్టి.

ఆయన ఉద్యోగం నిలిచింది. ఏడాది చివరిదాకా ఒకే రైల్లో వచ్చాం, పిల్లల కబుర్లు చెప్పుకున్నాం. కానీ రోజూ సీట్లో కూర్చోగానే, ముందురోజు తీసిపెట్టుకున్న ప్రింటు బయటికి తీసి, తన ప్రోగ్రాంలో ఎవరైనా చెయ్యి పెట్టారేమోనని తెర మీదున్నదానితో లైను లైనూ పోల్చి చూసుకునేవాడు. నా పక్కనే కూర్చుని, వేలు పెట్టి మరీ.