ఫ్లోరెన్స్ లేచి నిలబడిన ఆదివారం

ఫ్లోరెన్స్‌ని చిన్నపిల్ల అన్న ప్రతివాడితోనూ నేను పోట్లాడాను. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను. చివరిదాకా విన్నాక చెబితే మీరు నమ్మరు.

కంచరపాలెంలో రైలుపట్టాలకి ఆ పక్కన మా ఇల్లు, ఈ పక్కన వాళ్లది. మనిషి నాలుగడుగుల నాలుగంగుళాలు. వెనకనుంచి చూస్తే ఐదో క్లాసు, ముందునుంచి చూస్తే, అబద్ధమెందుకూ, మహా అయితే ఎనిమిదో క్లాసు. చీర కడితే స్కూలు నాటకంలో అమ్మ వేషం వేసినట్టుందనేవారు. రేషను షాపువాడు సంచీ చేతికివ్వకుండా "పెద్దోల్లని పంపు పాపా" అనేవాడు. బస్సులో కండక్టరు అడక్కుండానే అర టిక్కెట్టు చింపేవాడు. ఇంకొకత్తయితే నోరు మూసుకుని పుచ్చుకునేది. ఇది కాదు. "నా పానం పూర్తిది బాబూ, టిక్కెట్టూ పూర్తిదే కొట్టు" అనేది. బస్సంతా నవ్వేది. నవ్వినవాళ్లని నేను తిట్టేదాన్ని.

హార్బరు దగ్గర ఓ క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసేది. కుర్చీమీద రెండు దిళ్లు వేసుకుంటేగానీ బోర్డు అందేది కాదు. కానీ ఆ గొంతు! పిట్ట కొంచెం కూత ఘనం అంటారు చూడండి, అది దీన్ని చూసే పుట్టించి ఉంటారు. మద్రాసు నుంచి, కలకత్తా నుంచి ఓడల కంపెనీ దొరలు ఫోన్లో మేడమ్, మేడమ్ అని వంగి వంగి మాట్లాడేవాళ్లు. ఒకసారి మద్రాసాయన పనిమీద వచ్చి, ఆ మేడమ్‌గారిని చూసి వెళతానని లోపలికెళ్లి, దీన్నే పట్టుకుని "పాపా, మేడమ్‌గారిని పిలుస్తావా?" అన్నాడట. ఇది బోర్డువైపు తిరిగి ఫోన్ గొంతుతో "చెప్పండి సార్" అంది. ఆయన మొహం ఎలా మాడిందో అది చేసి చూపిస్తే మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

డెబ్బై ఏడు ఎన్నికల్లో ఓటు వెయ్యనివ్వలేదు. "ఇరవయ్యొకటి నిండాలమ్మా, పిల్లలాట కాదు" అన్నాడు బల్ల దగ్గరాయన. దానికప్పుడు ఇరవై మూడు. నేను ముందుకెళ్లి, "నాను సూసినాను దీని బారసాల. నా కంటె ఆరేళ్లు సిన్న, అంతే. ఏటి, మనిసిని మూరకట్టెట్టి కొలుత్తారా?" అని కేకలేశాను. లైనంతా నా పక్షాన తిరిగింది. చివరికి దాని వేలిమీద సిరా పడింది. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. "నువ్వుంటే నాకు బయం నేదొదినా" అంది.

వదిన అని ఎందుకు పిలిచేదంటే, మా తమ్ముడు దేవకుమార్‌కి అది మాటైపోయిన పిల్ల. డెబ్బై ఆరులో వాళ్లింట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ప్రధానం కాదు, ఉంగరాలూ చీరలూ తరవాత చూద్దామనుకున్నారు. మా గుడి ఉపదేశిగారొచ్చి, వీళ్లిద్దరి తలలమీదా చేతులుంచి, ఈ మాట దేవుని యెదుట మాట అన్నారు. ఆ గదిలో వాళ్లిద్దరూ కాక నలుగురం. ఉపదేశిగారు, దాని తల్లి అప్పాయమ్మ, మా అమ్మ, నేను.

అక్కణ్నుంచి వాయిదాలు. మొదట వాడికి పర్మనెంటు ఉద్యోగం కావాలన్నారు. తరవాత మా ఆయన కామెర్లతో పోయాడు, నేను నా కూతుర్ని తీసుకుని తమ్ముడింటికే చేరాను. ఏడాది తిరక్కుండా పెళ్లేమిటన్నారు. తరవాత అప్పాయమ్మ పోయింది, ఉపదేశిగారు పోయారు, మా అమ్మా పోయింది. ఫ్లోరెన్స్ ఒక్కత్తీ ఆ ఇంట్లో ఉంటూ ఎదురు చూసింది. స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి వాడికి ఇంటర్వ్యూ వస్తే, మూడు నెలలపాటు రోజూ సాయంత్రం మా అరుగుమీద కూర్చుని ఇంగ్లీషు నేర్పింది. వాడు తప్పు పలికితే స్కేలుతో కొట్టేది కూడా. దారినపోయేవాళ్లు అదే వాడి దగ్గర చదువుకుంటోందనుకునేవారు.

ఉద్యోగం వచ్చింది. వచ్చిన ఆర్నెల్లకి బాబు కూత మారింది. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఏమిటో మా ఇంట్లోనే చూశాను.

"ప్లాంటులో ఆళ్లందరూ నవ్వుతన్నారప్పా. ఒకడు నీ కూతురు ఎన్నో కలాసు అనడిగినాడు" అన్నాడు.

"పల్లూడగొట్టి సేతిలో ఎట్టకపోయావా ఆడికి?" అన్నాను.

అప్పటికే పెందుర్తి దయానందం గారమ్మాయిని చూసొచ్చాడని నాకు తరవాత తెలిసింది. మా గుడి పైకప్పు విప్పి బాగు చేస్తున్నారు, అదో సాకు దొరికింది. పెళ్లి ప్రకటనలు పెందుర్తి గుడిలోనే చదివించుకున్నాడు. మాలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ గుడిలో చదువుతారు. అడ్డు చెప్పేవాళ్లుంటే ఆ మూడింటిలోపే లేచి చెప్పాలి. పెందుర్తిలో ఫ్లోరెన్స్ ఎవరో కాకికి కూడా తెలీదు.

రెండు ప్రకటనలు అయిపోయాక శుక్రవారంనాడు నాకు తెలిసింది. చెప్పులు కూడా వేసుకోకుండా పట్టాలు దాటి దానింటికి పరిగెత్తాను. విని, చేటలో బియ్యం కెలుకుతూ కూర్చుంది. తరవాత, "నన్నొద్దనుకుంటే నాతో సెప్పాలి గదొదినా. ఏడేల్లు. నాకసలు మాటే ఇవ్వనట్టు సేసెత్తాడా?" అంది. దానిక్కావలసింది అదొక్కటే. వాణ్ని బలవంతంగా చేసుకోవాలని కాదు. నాకు మాటిచ్చారని పదిమందిలో ఒకసారి ఒప్పుకోవాలి, అంతే.

"ఆదివారం నువ్వు లేసి నిలబడు. ఆ పార్దన సూసినోల్లలో బతికున్నది నానొక్కద్దాన్నే. నాను సాచ్చికం సెప్తాను" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

శనివారం సాయంత్రం తమ్ముడు అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "నువ్వు దానింటికెల్లినావని తెలుసప్పా. రేపు నోరిప్పితే నీ కూతుర్నట్టుకుని నీ దారి నువ్వు సూసుకో" అన్నాడు. కంచంలో చేప ముల్లు తీసుకుంటూ అన్నాడు. నా కూతురికి అప్పుడు పదకొండేళ్లు.

మర్నాడు పెళ్లికొడుకువాళ్లమని మమ్మల్ని ముందు బెంచీల్లో కూర్చోబెట్టారు. ఫ్లోరెన్స్ వేరే బస్సులో వచ్చింది. నీలం చీర, చేతిలో బైబిలు. గుమ్మం దగ్గర ఓ పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని, "రా అమ్మా, పిల్లలంతా ముందుకి" అని తీసుకొచ్చి ప్రసంగ వేదిక కింద చాపమీద సండే స్కూలు పిల్లల మధ్య కూలేసింది. అది గింజుకోలేదు. అక్కణ్నుంచైతే బాగా వినబడుతుందనుకుందేమో.

పాస్టరుగారు పేర్లు చదివారు. ఇది మూడవ ప్రకటన, ఆటంకం ఎరిగినవారు ఇప్పుడే తెలపాలి అన్నారు. ఫ్లోరెన్స్ లేచి నిలబడింది. నిలబడితే పక్కన కూర్చున్న పిల్లల తలలకంటె కాస్త పైన, అంతే.

"కూర్చోమ్మా. వాక్యాలు అప్పజెప్పడం పాట తరవాత" అన్నారాయన. గుడంతా నవ్వింది.

"నాకు అభ్యంతరం ఉందండి" అంది. ఫోన్ గొంతు. నవ్వు ఆగిపోయింది. "నా పేరు ఫ్లోరెన్స్. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఈ దేవకుమార్ గారికీ నాకూ డెబ్బై ఆరులో ప్రార్థన చేసి మాటిచ్చారు."

పాస్టరుగారు కళ్లజోడు తీసి తేరిపార చూశారు. మంచాయనే పాపం, ఆయన్ననకూడదు. "సాక్షులున్నారా?" అని మర్యాదగానే అడిగారు.

"ఉన్నారు. పెళ్లికొడుకు అప్పగారే."

అందరూ నావైపు తిరిగారు. తమ్ముడు మగవాళ్ల వైపునుంచి నన్ను చూడలేదు. నా పక్కన కూర్చున్న నా కూతుర్ని చూశాడు. నేను లేచాను. నిజం చెప్పడానికే లేచాననుకుంటాను.

"మా ఈది గుంటండి. సిన్నపిల్ల. మా తమ్ముడంటే ఇష్టం, తెలీక లేసింది" అన్నాను.

ఛీ. నా నోరు పడిపోనూ. మౌనంగా ఊరుకున్నా కొంత నయమే. దాని ఒంటిమీద దేవుడు పెట్టిన కొలతనే తీసి దానిమీదకి విసిరాను. ఇందాకటి పెద్దావిడే వచ్చి, "తప్పమ్మా, అలా అనకూడదు" అంటూ దాని భుజంమీద చెయ్యేసి బయటికి నడిపించింది. అది పెనుగులాడలేదు, ఏడవలేదు. గుమ్మందాకా మెడ తిప్పి నన్నే చూస్తూ వెళ్లింది. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

ఆ మధ్యాహ్నం దయానందం గారింట్లో కోడికూరతో భోజనం పెట్టారు. తిన్నాను.

పెళ్లయింది. నా కూతురు ఆ ఇంట్లోనే టెన్తు పాసయింది. ఫ్లోరెన్స్ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది, ఆ ఆఫీసులోనే చేస్తోందని విన్నాను. రెండుసార్లు ఫోన్ చేసి, "చెప్పండి" అన్న గొంతు వినగానే పెట్టేశాను.

ఎనభై ఎనిమిదిలో బస్సు కాంప్లెక్సులో కనబడింది. అలాగే ఉంది, కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప. వెళ్లి కాళ్లమీద పడబోయాను. అది వెనక్కి జరిగింది. నేను ఏడుస్తూ, తమ్ముడు బెదిరించిన సంగతంతా చెప్పాను. పిల్లదాన్ని ఏం చేసుకోమంటావే, ఎక్కడికి పోమంటావే అన్నాను. చివరిదాకా విన్నది.

"మీ అమ్మాయి బాగుందా?" అంది.

"బాగుందే. నీకు కోపంగా నేదా?"

"మీ తమ్ముడిమీద ఉండేది. పోయింది. ఆయన నన్ను వద్దనుకున్నారు, అది ఆయనిష్టం" అంది. ఫ్లోరెన్స్ నాతో ఇలా పుస్తకంలో మాటలు ఎన్నడూ మాట్లాడలేదు. "ఊళ్లో అందరూ నన్ను చిన్నపిల్లని అన్నది తెలియక. తెలిసి అన్నది మీరొక్కరే, రత్నమణిగారూ."