ఇది మీ ఇల్లే అనుకోండి

ఓనరాంటీ పోయారని మొన్న ఆదివారం వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. అప్పుడే చర్చి నుంచి వచ్చి, ఎల్.బి.నగర్‌లో మా ఫ్లాట్ తాళం తీస్తున్నాను. అమ్మకు చెబితే చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "అన్న మాట మీద నిలబడ్డ మనిషి" అంది.

కొత్తపేటలో రైతుబజార్ వెనక సందులో, వాళ్ల మేడమీద మేం కిరాయికి ఉండేవాళ్లం. ఇల్లు చూడబోయిన రోజు ఆమె తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి, "ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు. మెట్లు దిగుతూ నాన్న నవ్వాడు. "ఓనర్లందరు గట్లనే అంటరు. గోడకు మేకు కొడితే తెలుస్తది."

మేకు కొట్టిన రోజు చప్పుడు విని ఆమె పైకి రానే వచ్చారు. యేసయ్య పటం పట్టుకుని నాన్న బిక్కమొహం వేశాడు. "తగిలించండి, చూద్దాం" అన్నారామె. తగిలించాక కాస్త వంగిందని తనే సరిచేసి వెళ్లిపోయారు.

కుళాయి కారుతోందని పొద్దున చెబితే, పొద్దుగూకేలోగా ప్లంబర్‌ను వెంటబెట్టుకుని మెట్లెక్కేవారు. మోకాళ్ల నొప్పులు. ఫోన్ చేస్తే అతనే వస్తాడు కదా ఆంటీ అంటే, "నోటికేం, ఎన్నైనా చెబుతుంది. కాళ్లు కదలాలమ్మాయ్" అనేవారు.

నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానలో పోయాడు. ఈ నగరంలో కిరాయికున్నవాళ్లకు ఆ బాధ తెలుసు. చాలా ఇళ్లలో శవాన్ని గేటు దాటనివ్వరు. అంతకుముందు మేమున్న చంపాపేట్‌లో మా పక్కింటాయన్ని రోడ్డుమీదే టెంటు వేసి పడుకోబెట్టడం మేం చూశాం. అందుకే అమ్మ ఏడుస్తూనే, "సక్కగ మన ఊరికే తీస్కపోదాం. వాళ్లను పరేషాన్ చెయ్యొద్దు" అంది. కబురు చెబుదామని ఆంటీకి ఫోన్ చేశాను.

"ఇంటికి ఎప్పుడు తీసుకొస్తున్నారు?"

"ఊరికి పోతున్నం ఆంటీ."

"ముందు ఇంటికి తీసుకురామ్మా" అన్నారు.

అంబులెన్స్ సందు తిరిగేసరికి గేటు రెండు తలుపులూ తీసి ఉన్నాయి. మా మెట్లు ఇరుకు, ఐస్‌బాక్స్ పైకెక్కదు. ఆమె తన హాల్లో సోఫాలు జరిపించి చోటు చేశారు. అంకుల్ అప్పటికే లేరు. పక్కవీధిలో ఉండే ఆయన తమ్ముడు వచ్చి, "వదినా, కనీసం వాకిట్లో పెట్టించండి. నెల తిరిగితే అబ్బాయి పెళ్లి" అన్నాడు.

"మీ ఇల్లే అనుకోమన్నది నేనే కదా మరిదిగారూ. బతికున్నంతవరకేనని అప్పుడు చెప్పలేదుగా" అన్నారామె, గొంతు పెంచకుండానే.

అతను కాసేపుండి వెళ్లి, మా చుట్టాలకు కుర్చీలు తెచ్చాడు. పాస్టర్‌గారు ఆ హాల్లోనే ప్రార్థన చేశారు. నాన్న తన ఇంట్లోంచే సాగిపోయాడు. మా అమ్మకు అంతకు మించిన ఓదార్పు మరొకటి లేదు. ఎవరికైనా "మేమున్నాం" అనబోయే ముందు నేనిప్పటికీ ఒక క్షణం ఆగుతాను.

ఊళ్లో మట్టి చేసి, మర్నాడు తెల్లవారుతూనే తిరిగొచ్చాం. సందులో ప్రతి గుమ్మం ముందూ తెల్లగా ముగ్గులున్నాయి. ఆంటీ గేటు ముందు మాత్రం నేల ఊడ్చి, నీళ్లు చల్లి, అలాగే వదిలేసి ఉంది. సొంతమనిషి పోతే తప్ప వాళ్లు ముగ్గు మానరు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ తడినేల ముందు అలాగే నిలబడిపోయింది.