ఫ్రెండ్ అంటే సరిపోయేది

సాయుధ పోరాటం రోజులు. దేవరుప్పుల దగ్గర మా పల్లెలో మిలిటరీ దిగింది. అడవిలోని దళాలకు సద్ది మోసేవాళ్ల కోసం వెతుకుతున్నారు. ఒక మధ్యాహ్నం సద్దిమూటతో చేనుకు పోతున్న నా స్నేహితుడు మల్లయ్యను ఆఫీసరు ఆపాడు. పక్కనున్న నన్ను, వీడెవడని ఇంగ్లీషులో అడిగాడు. గడగడా ఇంగ్లీషు మాట్లాడి మల్లయ్యను విడిపించానని యాభై ఏండ్లు చెప్పుకున్నాను.

అవన్నీ కోతలు. ఫ్రెండ్ అంటే సరిపోయేది. అది అందరికీ తెలిసిన మాటేనని, జనగామ బడిలో నేర్చిన పెద్ద మాట "కామ్రేడ్" వాడాను. సంఘంవాళ్లు, అంటే అడవిలోని కమ్యూనిస్టులు, ఒకరినొకరు అట్లాగే పిలుచుకుంటారని అన్నాక గానీ తట్టలేదు. తుపాకి మల్లయ్య రొమ్ముకు ఆనింది.

"ఏమన్నవ్‌రా?" అన్నాడు మల్లయ్య.

"దోస్తువని చెప్పిన."

"గంతేనా!" అని నా భుజం మీద చెయ్యేసి, "దోస్త్ హై సాబ్, దోస్త్!" అన్నాడు. ఆఫీసరుకు ఉర్దూ వచ్చు. అయినా నమ్మక మూట విప్పించాడు. రెండు జొన్నరొట్టెలూ ఒక ఉల్లిగడ్డా చూసి పొమ్మన్నాడు.

నా కోతలు విన్నప్పుడల్లా మల్లయ్య, "ఔ, మావోడే విడిపించిండు" అనేవాడు. పోయిన నెల వాడు కాలం చేశాడు. నా అబద్ధానికి వంత పాడే మనిషి లేడు. అందుకే నిజం రాస్తున్నాను.