పద్మా నేనూ హరార్ చూసొచ్చాం

నా భార్యకు ఖతార్ వీసా రాదు. నా జీతానికి ఫ్యామిలీ వీసా ఇవ్వరు. అల్ ఖోర్ వైపు గ్యాస్ ప్లాంట్ల పనులు జోరుగా సాగుతున్న ఏళ్ళవి. ఎటు చూసినా క్రేన్లే. ఎలక్ట్రీషియన్‌గా నేను వెలిగించిన రోడ్ల మీద పద్మతో కలిసి నాలుగడుగులు నడిచే వీలు మాత్రం లేదు. సరే, ఈ దేశం రానివ్వకపోతే మా ఇద్దర్నీ రానిచ్చే ఊరు వెతుక్కుంటాం అనుకున్నాను.

హరార్ పేరు చెప్పింది మేముండే లేబర్ క్యాంప్ బస్సు డ్రైవర్ ఇద్రీస్. ఇథియోపియాలో అది అతని సొంత ఊరు. చుట్టూ రాతి గోడ, ఐదు పాత ద్వారాలు, సందుసందుకూ మసీదు. "ఒకప్పుడు బయటివాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు మా చెల్లెలు ఫాతుమా ఇంట్లో గదులు అద్దెకిస్తోంది," అన్నాడు.

లీవ్ కాగితం చూసి క్యాంప్ బాస్ కళ్ళు పెద్దవి చేశాడు. "లీవ్ అంటే ఇండియా. ఇథియోపియాలో నీకేం పని?"

"పనేం లేదు సార్, అందుకే పోతున్న," అన్నాను.

కోరుట్ల నుంచి మా అన్న ఫోన్లో అరిచాడు. ఆయనకు గల్ఫ్ అంటే అంతా దుబాయే. "దుబాయ్ పోయి నీకు తలకాయ తిరిగిందిరా! ఆడిమనిషిని ఒక్కదాన్ని ఆఫ్రికాకు పంపుతమా? వేములవాడకు పోయి రారాదు!"

పద్మ ఫోన్ గుంజుకుంది. "బావా, నీ తమ్ముడు ఇన్నేండ్ల సంది ఒక్కడే విమానం ఎక్కి పోతున్నడు. ఆయనకు లేని భయం నాకెందుకు?"

పద్మ బీడీలు చేస్తుంది. హైదరాబాద్ దాటి ఎరగదు. ఆ వారమే హైదరాబాద్ వెళ్ళి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంది. మీలో ఎవరైనా వెళ్ళేటట్టుంటే ఇది మరవకండి, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు ఆ కార్డు అడుగుతారు. వీసాలు ఇద్దరికీ ఆన్‌లైన్‌లోనే వచ్చాయి.

దోహాలో తెల్లవారుజామున ఎక్కిన విమానం పొద్దున్నే అడిస్ అబాబాలో దిగింది. పద్మ ఎక్కిన ముంబై విమానం ఆ తర్వాత వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళు గుంపులుగా బయటికొచ్చారు, పలచబడ్డారు, రావడం ఆగిపోయింది. పద్మ లేదు. అన్న మాటలన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. అందరికంటే చివర, నెత్తి మీద కొంగు సర్దుకుంటూ, బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏమైంది?" అన్నాను.

"ముంబైల ఒక ఆఫీసర్ నిలవెట్టిండు. ఎవరు పంపుతున్నరు, ఇండ్ల పనికా అని అడిగిండు. ఊరు చూడవోతున్న అన్న. బీడీలు చేసేదానివి, నీకు టూరా అని నవ్విండు. అవ్, టూరే అన్న. ముద్ర కొట్టేదాక ఆడికెల్లి కదల్లే. ఈడనేమో బ్యాగు రాక ఆగిన."

మధ్యాహ్నం చిన్న విమానంలో డిరేదావా చేరాం. అక్కణ్ణుంచి హరార్‌కు మినీబస్సు, కొండలెక్కుతూ గంటకు పైగా పడుతుంది. పక్క సీటు పెద్దాయన మమ్మల్నిద్దర్నీ చూసి, "హనీమూనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. పద్మకు చెప్పాను.

"పెండ్లయి పందొమ్మిదేండ్లాయె, గిప్పుడు తీస్కపోతున్నడని చెప్పు!"

చెప్పాను. బస్సంతా నవ్వింది.

ఫాతుమా ఇల్లు గోడ లోపలి పాత పట్నంలో ఉంది. ఎర్రటి అరుగులు మెట్లుమెట్లుగా, గోడల నిండా రంగురంగుల అల్లిక బుట్టలు. ఆమె కొన్నాళ్ళు దోహాలో ఒక ఇంట్లో పనిచేసి వచ్చింది కాబట్టి ఆమెకూ నాకూ వచ్చీరాని అరబ్బీలో మాటలు సాగాయి. నువ్వు ఖతార్లో, భార్య ఇండియాలో, ఎందుకలా అని అడిగింది. రూల్ అన్నాను. ఆమె మొహం గంటు పెట్టుకుంది. తన చంటిపిల్లను ఇక్కడ వదిలి అక్కడ వేరేవాళ్ళ పిల్లల్ని పెంచిందట. ఒకరోజు ఇక చాలు, మాఫీ, అంటే ఇక లేదు అని అరబ్బీలో చెప్పి వచ్చేసిందట. చెప్తూనే పద్మ చెయ్యి పట్టుకుని, ఇంటి యజమాని కూర్చునే అరుగు మీదికి తీసుకుపోయింది. పద్మ నా వైపు చూసింది.

"కూసో," అన్నాను.

కూర్చుంది. పుల్లటి ఇంజెరా అట్టులోకి తను తెచ్చిన మామిడికాయ తొక్కు వేసి ఫాతుమాకు తినిపించింది. ఫాతుమా కళ్ళ వెంట నీళ్ళు కారినా ఇంకొంచెం వెయ్యమంది.

మరునాటి నుంచి నడకే. సున్నం వేసిన గోడల మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులున్నాయి. పిల్లలు పద్మ చీర చూసి "హిందీ! హిందీ!" అని వెంటపడ్డారు, ఇండియావాళ్ళను అక్కడ అలాగే అంటారు. వీధి పొడుగునా కుట్టుమిషన్లు పెట్టుకున్న దర్జీల బజారులో ఆమె ఎంతసేపు నిలబడిందో! ఎప్పుడో ఒక భారతీయ వర్తకుడు కట్టించిన పెద్ద చెక్క మేడను చూపించి, మనవాళ్ళు మనకంటే ముందే వచ్చారన్నాను. "వాళ్ళ పెండ్లాలు వచ్చిన్రా?" అని అడిగింది.

ఆ సాయంత్రం గోడ పక్కన కూర్చున్నాం. శత్రువుల భయంతో ఇంత ఎత్తు గోడ కట్టుకున్న ఊరు మమ్మల్ని ఏమీ అడగలేదు. జీతమెంత, చదువెంత, ఏ కంపెనీ అనలేదు. నేను పనిచేసే చోట గోడ కనబడదు, కానీ పద్మ ఇన్నేళ్ళూ దాని అవతలే ఉంది. ఇది చెప్తే ఆమె, "బాధపడనీకెనా ఇంత దూరం తెచ్చినవ్? లే, ఇంకో దర్వాజా చూద్దాం," అంది.

తిరుగు ప్రయాణంలో అడిస్‌లో విడిపోయాం. ఆమె విమానం ముందు. ఏడుస్తుందేమో అనుకున్నాను. క్యూలో నిలబడి వెనక్కి తిరిగి, "వచ్చేసారి సముద్రమున్న ఊరు చూడు," అని కేకేసింది. ఆమె ఇంటికి, నేను డ్యూటీకి.

దోహా నుంచి అల్ ఖోర్ పోయే బస్సులో జగిత్యాలవాళ్ళు ఇద్దరు కలిశారు. పద్మ ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. చివరికి ఒకతను గొంతు తగ్గించి, "అన్నా, మనసొంటోళ్ళం ఇట్ల పోవచ్చా?" అన్నాడు.

"ఎవల నడుగుతున్నవ్ తమ్మీ?" అన్నాను. "ముందుగాల మీ ఆమెకు పాస్‌పోర్ట్ తీయించు."