గేటు పక్క మజ్జిగ బకెట్టు

గల్ఫ్ దేశంలో, జింజ్‌ పేటలోని ఆ ప్రైవేటు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఓడిపోతుంటే తెలిసినవాళ్ళు తలో మాటా అన్నారు. కోచ్ శ్రీనివాసరాజు ముసలాడైపోయాడన్నారు కొందరు. ఈ ఏడాది కుర్రాళ్ళు ఒట్టి దద్దమ్మలన్నారు ఇంకొందరు. దిష్టి తగిలింది, గుమ్మడికాయ కొట్టమన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరి నోరని మూయిస్తాం? ఆరేళ్ళపాటు కప్పును ఇంకో కాలేజీ గడప తొక్కనివ్వని మనిషి, తొంభై ఏడు చలికాలంలో ఒక్క ఆటా గెలవలేక తల వంచుకు తిరుగుతుంటే లోకానికి అంతకన్నా కాలక్షేపం ఏముంటుంది?

అంతకుముందు వేసవి సెలవుల్లో భీమవరం వెళ్ళిన ఆయన భార్య నరసాయమ్మ అక్కడే జ్వరంతో కన్నుమూసింది. కర్మకాండ ముగించుకుని రాజు ఒంటరిగా తిరిగొచ్చాడు. ప్రిన్సిపాల్‌కు మాత్రం చెప్పి, పిల్లలకు తెలియనివ్వొద్దని చేతులు పట్టుకున్నాడు.

"ఆంటీ రాలేదేంటి సార్?" అని కెప్టెన్ గణపతి మొదటి రోజే అడిగాడు.

"వాళ్ళమ్మగారికి బాగోలేదు. వచ్చేస్తారులే" అనేశాడు. నోరు జారిన ఆ అబద్ధాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం ఆయన తరం కాలేదు.

రాజు నోరు మహా చెడ్డది. హాఫ్‌టైంలో ఆయన తిట్లకు అవతలి జట్టువాళ్ళు కూడా తలలు దించుకునేవాళ్ళు. "ఊరికే నుంచోడానికైతే కరెంటు స్తంభం చాలదంట్రా, నువ్వెందుకు?" అని కడిగేసేవాడు. పిల్లల కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సరిగ్గా అప్పుడే గేటు పక్కనుంచి నరసాయమ్మ మూతబకెట్టు మోసుకొచ్చేది. వీధి చివర కోల్డ్ స్టోర్ కొట్లో కొన్న లబన్‌లో, అంటే అక్కడి చిక్కటి మజ్జిగలో, నీళ్ళు పోసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, నిమ్మకాయ పిండిన మజ్జిగ అది.

"మీ సారు మాటలేం పట్టించుకోకండి నాన్నా" అనేది గ్లాసు అందిస్తూ. "పొద్దున్న ఉప్మాలో ఉప్పెక్కువైందని నన్నూ ఇలాగే దులిపేశారు. దులిపేసి, మళ్ళీ రెండోసారి పెట్టించుకున్నారండీ!"

జట్టులో సగంమంది మలయాళీలు. ఆవిడ తెలుగు వాళ్ళకెలా అర్థమయ్యేదో గానీ అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుతోనే వెళ్ళి ప్రాణం పెట్టి ఆడేవాళ్ళు. ఆవిడకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చివరిదాకా తెలియదు.

ఇప్పుడూ హాఫ్‌టైంలో రాజు నోరు తెరుస్తాడు. తిట్టు నాలుక చివరిదాకా వస్తుంది. గేటు వైపు చూస్తాడు. తను తిట్టాక వీళ్ళను ఊరుకోబెట్టేదెవరు? తిట్టు మింగేస్తాడు. "బాగానే ఆడుతున్నారు, కానివ్వండి" అంటాడు. ఎన్నడూ ఆయన నోట మెచ్చుకోలు వినని పిల్లలు బిక్కచచ్చిపోయారు. సార్ మనమీద ఆశ వదిలేసుకున్నారని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఇక ఏం గెలుస్తారు?

ఆఖరి ఆట పక్క ఊరు ముహర్రక్‌లో. ఇదీ పోతే కొత్త కోచ్‌ను పెట్టుకుంటామని ప్రిన్సిపాల్ ముఖంమీదే చెప్పాడు. హాఫ్‌టైంకు రెండు గోల్స్ వెనకబడ్డారు. రాజు అలవాటుగా గేటు వైపు చూశాడు. అక్కడ బకెట్టు ఉంది.

గణపతి దాన్ని మోసుకొచ్చి ఆయన ముందు పెట్టి, ఒక గ్లాసు ముంచి ఇచ్చాడు.

"ఆంటీ వచ్చేదాకా మజ్జిగ మేమే కలుపుకుంటాం సార్" అన్నాడు. "ఇంక మీరు తిట్టండి."

కుర్రాళ్ళందరూ తిట్లకోసం ఆశగా ఆయన ముఖంలోకి చూస్తున్నారు. రాజు ఒక గుక్క తాగాడు. అల్లం లేదు. ఉప్పు చేతికొచ్చినంత వేసేశారు. ఇన్ని నెలలుగా బిగబట్టినదంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. మైదానం మధ్యలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆంటీ ఇంక రారురా" అన్నాడు. "వేసవిలోనే పోయారు. మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆ తర్వాత ఆడిన ఆట గురించి చెప్పుకోవడానికేమీ లేదు. గోల్‌కీపరు ఏడుస్తూ నిలబడ్డాడు. ఓడిపోయారు. రాజు ఉద్యోగం పోయిందని అక్కడున్న అందరికీ తెలుసు.

బస్సెక్కేముందు కూడా ఎవరూ బకెట్టు ముట్టుకోలేదు. రాజే మూత తీసి, ఒక్కొక్కరికీ గ్లాసు ముంచి ఇచ్చాడు.

"ఉప్పెక్కువైంది సార్" అన్నాడు గణపతి కళ్ళు తుడుచుకుంటూ.

"అయింది. తాగు నాన్నా" అన్నాడు రాజు.