గేటు లోపలి పికప్

నిజామాబాద్‌లో నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం బాపు, మా నాన్న, హాస్టల్‌కు వచ్చి నా పెట్టె సర్దుకొమ్మన్నాడు. ఎందుకని అడిగితే ఇంటికి పోయాక తెలుస్తుందన్నాడు. బస్సులో నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, బోధన్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉన్నాడు.

కారణం అమ్మ చెప్పింది. బస్టాండు ముందు బండి దగ్గర నేను మా క్లాసు అబ్బాయితో నిలబడి చెరకు రసం తాగుతుంటే మా ఊరి మనిషి ఒకాయన చూశాడట. ఆయన చూసింది నిజమే. ఆ అబ్బాయి నా ఫిజిక్స్ రికార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఎండగా ఉందని చెరో గ్లాసు తాగాం. అంతకుమించి ఏమీ లేదు. కానీ ఆ మాట ఊళ్ళో ఎన్ని నోళ్ళు తిరిగిందో, బాపు చెవిన పడేసరికి నేను ఎవరితోనో వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాననేదాకా వచ్చింది.

బాపు మస్కట్ నుంచి వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన అక్కడే, పెద్ద లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్‌గా ఉన్నాడు. అప్పుడప్పుడు సెలవు మీద వచ్చి, సబ్బులూ ఖర్జూరాలూ పంచి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. మిగతా కాలమంతా ఫోనులో కనబడే ముఖమే బాపు. ఈసారి కంపెనీ వీసా పొడిగించలేదు. వచ్చినవాడు ఇంట్లోనే ఉండిపోయాడు. చక్కెర డబ్బా ఎక్కడుంటుందో, మోటారు స్విచ్చి ఎటువైపు తిప్పాలో కూడా మమ్మల్నే అడిగేవాడు. నేను ఎలాంటి పిల్లనో ఆయనకు తెలిసే వీలే లేదు. ఎవరో చెప్పారు, నమ్మాడు.

మా ఇల్లు కోటగిరి దాటాక కాలువ పక్కన, ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది. చుట్టూ గోడ, ముందు ఇనుప గేటు. నేను వచ్చిన మరునాటి నుంచి ఆ గేటుకు పగలు కూడా తాళం పడింది. నా ఫోన్ బీరువాలోకి పోయింది. అమ్మ వరండాలో కూర్చుని బీడీలు చుడుతూ, కొన్నాళ్ళు ఓర్చుకొమ్మనీ, ఆయన మనసు చల్లబడుతుందనీ చెప్పేది. చెబుతున్నప్పుడు నా వైపు చూసేది కాదు. ఆమె చేతులు మాత్రం ఆగేవి కావు.

మొదటి వారాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. గోడ ఎత్తు నా తల కంటే కొంచెం ఎక్కువ. వరండా ఎక్కి నిలబడితే దాని మీదుగా పొలాల్లో పనిచేసేవాళ్ళ తలపాగాలు, కొంగలు, ట్రాక్టర్ల పై కప్పులు కనిపించేవి. బోధన్ బస్సు వస్తున్న చప్పుడు వినిపించగానే నా కాళ్ళు వాటంతట అవే గేటు వైపు పోయేవి. ఊచల మధ్య నుంచి చూసి వెనక్కి వచ్చేదాన్ని. నన్ను తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, తిరిగి ఒక మాట అనడానికి నాకు వీలుండేది. బాపు అలాంటిదేమీ చేయలేదు. అన్నం తిన్నావా అని అడిగేవాడు, అంతే.

ఇంటి వెనక రేకుల షెడ్డులో తాత కొన్న పికప్ ఉంది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో తాత దాంట్లో విత్తనం చెరకు తోలేవాడు. ఫ్యాక్టరీ మూతపడి చుట్టూ అందరూ వరికి మళ్ళాక బండికి పని తగ్గింది. తాత పోయాక ఆగిపోయింది. టైర్లు నేలకు అంటుకుపోయాయి. వెనక తొట్టి అడుగున తుప్పు తిని చిల్లులు పడ్డాయి. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. దాన్ని మళ్ళీ నడిపించి కిరాయిలకు తిప్పుకుంటే బతుకు గడుస్తుందని బాపు ఆలోచన. ఒక పొద్దున పనిముట్ల పెట్టె తెరిచి, నన్ను కేకేశాడు.

ముందు దీపం పట్టుకోవడానికే పిలిచాడు. తర్వాత తుప్పు గీకమని ఇనుప బ్రష్షు ఇచ్చాడు. ఒకసారి స్టార్టర్ వెనక ఉన్న బోల్టుకు ఆయన చెయ్యి పట్టలేదు. నా చెయ్యి సన్నగా ఉందని నన్ను ప్రయత్నించమన్నాడు. కంటికి కనిపించని చోట వేళ్ళతో తడుముతూ బోల్టు తలను పట్టుకున్నాను. స్పానర్ కొద్ది కొద్దిగా తిప్పుతూ పోతే మధ్యాహ్నానికి ఊడి వచ్చింది. బాపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "మంచిగ తీసినవ్" అన్నాడు. నాకు సంతోషం కలిగింది. వెంటనే, నన్ను బంధించిన మనిషి మెచ్చుకుంటే సంతోషపడ్డందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అలా ఇద్దరం రోజూ షెడ్డులోనే ఉండేవాళ్ళం. ఇంజన్ పట్టేసి ఉండింది. పై నుంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి నానబెట్టి, పెద్ద పానాతో కొంచెం కొంచెం కదిపి వదిలించాం. బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు నేను లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఆయన కింద పడుకుని నట్టు విప్పాలి. "తొక్కు" అంటే తొక్కేదాన్ని. "పట్టు" అంటే కాలు అలాగే అదిమి పెట్టేదాన్ని. "ఇడువు" అంటే వదిలేదాన్ని. కొన్ని రోజులు మా ఇద్దరి మధ్య ఈ మూడు మాటలు తప్ప ఇంకేమీ లేవు. అద్దం వెనక స్టీరింగు పట్టుకుని కూర్చుంటే ఎదురుగా షెడ్డు గోడ, దాని మీద తాత వేలాడదీసిన పాత టైరు కనిపించేవి. మార్చిలో నా తోటివాళ్ళు పరీక్షలు రాస్తున్న రోజుల్లో నేను ఆ గోడనే చూస్తూ బ్రేకు తొక్కాను. ఆ సంగతి బాపుకు తెలుసో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

వేసవిలో, యాసంగి వరి కోతల కాలంలో అకాల వాన పడింది. షెడ్డులోకి నీళ్ళు వచ్చి నేల మెత్తబడింది. మరునాడు అమ్మ చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి, బాపు ఫోను తీసుకుని కోటగిరి పోయింది. బాపు ఆమెను పంపి, గేటుకు తాళం వేసి, తాళం చెవి చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. వెనక చక్రం ఒకటి తీసి, బండిని జాకీ మీద ఎత్తి కిందికి దూరాడు. జాకీ కింద ఒక ఇటుక మాత్రమే ఉంది. మస్కట్‌లో ఆయన పనిచేసింది సిమెంటు నేల మీద.

నేను బోల్టులు కడుగుతున్నాను. ఇటుక పగిలిన చప్పుడు విన్నాను. తల ఎత్తేసరికి బండి వెనక భాగం కిందికి ఒరిగి ఉంది. చక్రం లేని వైపు ఇరుసు చివరి బ్రేకు డ్రమ్ము మట్టిలో దిగబడి ఆగింది. అది ఆగకపోతే బరువంతా బాపు ఛాతీ మీద పడేది. ఆయన ఎడమ ముంజేయి మాత్రం ఇరుసు మీది కమాన్ స్ప్రింగు పట్టీల కింద ఇరుక్కుపోయింది. ఆయన అరవలేదు. ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"ఏం గాదు బిడ్డా. జేబుల చావి ఉంది, తీస్కో. పోయి ఎవల్నన్న తోల్కరా" అన్నాడు.

బండి కిందికి పాకి, ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీశాను. ఆయన గుండె కొట్టుకోవడం నా వేళ్ళకు తగిలింది. గేటు తెరిచి రోడ్డు మీదికి పరుగెత్తాను. రోడ్డు మీద ఎవరూ లేరు. దూరంగా పొలంలో కోత మిషన్ నడుస్తోంది. ఆ చప్పుడులో దాని మీదివాళ్ళకు నా కేకలు వినిపించలేదు. చెప్పులు లేని కాళ్ళతో మలుపు దాకా పోయి చూశాను. తారు రోడ్డు బోధన్ వైపు ఖాళీగా పోతోంది. హాస్టల్ నుంచి వచ్చినప్పటి నుంచి నేను ఒంటరిగా గేటు దాటడం అదే మొదటిసారి. ఆ సంగతి మాత్రం ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. వెనక్కి పరుగెత్తాను.

మళ్ళీ జాకీ పెట్టాలంటే ధైర్యం చాలలేదు. ఇంకోసారి జారితే డ్రమ్ము కూడా పక్కకు తిరగవచ్చు. కలుపు తీసే కుర్పి తెచ్చి, బాపు చెయ్యి కింద మట్టి తవ్వడం మొదలుపెట్టాను. మోర్తాడ్ దగ్గర అమ్మమ్మ వాళ్ళ పసుపు చేలో చిన్నప్పుడు నేను దుంపలు తీసేదాన్ని. కొమ్ము విరగకుండా చుట్టూ మట్టిని వదులు చేయాలి, గట్టిగా గుచ్చకూడదు. అలాగే తవ్వాను. కొంతసేపటికి కుర్పి పక్కన పడేసి గోళ్ళతో తీశాను. బాపు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మధ్యలో ఒకసారి, "నువ్వు మొత్తం కిందికి రాకు, బయటికెల్లి తవ్వు" అన్నాడు. నేను వినిపించుకోలేదు. చివరకు చెయ్యి కింద గుంట పడింది. ఆయన పళ్ళు బిగించి చెయ్యి లాక్కున్నాడు. అది మోచేతి కింద వంకరగా ఉంది.

ఆ తర్వాత రోడ్డు మీద ఒక ఆటో దొరికింది. బోధన్ ఆసుపత్రిలో కట్టు కట్టారు. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ బాపు ఒకటే చెప్పాడు: పొలం గట్టు మీద జారిపడ్డానని. నేను పక్కనే నిలబడి విన్నాను. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. గేటుకు తాళం వేసుకుని బండి కింద ఇరుక్కున్నానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ అని అర్థమైంది. అర్థమైనా మనసు ఒప్పుకోలేదు.

కట్టు ఉన్నన్నాళ్ళు బాపు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెబుతుంటే పని నేను చేశాను. నేను కిందికి దూరే ముందు ఆయన ఒంటిచేత్తో దుంగలు దొర్లించి ఇరుసు కింద పెట్టించేవాడు. కాలితో తన్ని చూసేవాడు. మళ్ళీ ఒకసారి తన్నేవాడు. అప్పుడుగానీ నన్ను పోనిచ్చేవాడు కాదు. గేటుకు మాత్రం తాళం అలాగే ఉంది.

బండి స్టార్ట్ అయిన రోజు షెడ్డంతా నల్లటి పొగ నిండింది. అమ్మ దగ్గుతూ వచ్చి చూసి నవ్వింది. బాపు ఆపమనేదాకా ఇంజన్ నడవనిచ్చాను. ఆపాక చెవుల్లో హోరు తగ్గలేదు. ఆయన లోపలికి ఎక్కి నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"ఆ దినం చావి తీస్కోమన్నవ్ గదా బాపు. నేను గటే పోయి మల్ల రాననుకున్నవా?"

ఆయన కట్టు అంచున ఊడిన దారం పీకాడు. తర్వాత, "అనుకున్న" అన్నాడు.

"అయినా ఇచ్చినవ్."

"చెయ్యి ఇరికింది బిడ్డా. ఇయ్యక ఏం జేద్దు?"

"నన్ను కాలేజీ మాన్పిచ్చినప్పటి సంది నాది ఇరికే ఉంది" అన్నాను.

బాపు నా వైపు చూడలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడనే చూశాడు. ఆ తర్వాత తలుపు తీసుకుని దిగిపోయాడు. నన్ను క్షమించమని అడుగుతాడని నేను ఎదురుచూడలేదు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. 

జూన్‌లో, కట్టు విప్పాక, బాపు తెల్లచొక్కా వేసుకుని వచ్చి నన్ను తయారు కమ్మన్నాడు. నిజామాబాద్ కాలేజీకి కాదు. బోధన్‌లోని సర్కారు కాలేజీలో మళ్ళీ మొదటి సంవత్సరంలో చేర్పించాడు. బస్సులో వద్దు, బండిలో నేనే దింపుతా, నేనే తెస్తానన్నాడు. అమ్మ నా వైపు చూసి, ఒప్పుకో అన్నట్టు తల ఊపింది. ఒప్పుకున్నాను. అలా గేటు లోపలి నుంచి నేను బండి లోపలికి మారాను.

చాలా రోజులు అలాగే గడిచాయి. పొద్దున నన్ను దింపి ఆయన కిరాయిలకు పోయేవాడు. సాయంత్రం నేను బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద పికప్ ఉండేది. ఒక్కోసారి వెనక ఎరువు బస్తాలు, ఒక్కోసారి పోచంపాడ్ నుంచి చేపలు తెచ్చిన ఖాళీ పెట్టెలు. తోటి అమ్మాయిలు అది పోలీసు బండి అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. వాళ్ళు ఐస్‌క్రీం తినడానికి పోతుంటే నేను ఎత్తు మెట్టు ఎక్కి, తలుపు రెండుసార్లు లాగి వేసి కూర్చునేదాన్ని. ఆ తలుపు గొళ్ళెం బిగించింది నేనే. దారిలో మేము బండి గురించే మాట్లాడుకునేవాళ్ళం. గేరు పట్టేస్తోందనీ, క్లచ్ చూడాలనీ. వేరే మాటలు మాకు రాలేదు. ఇంటికి చేరగానే గేటుకు మళ్ళీ తాళం పడేది.

రెండో సంవత్సరం చలికాలంలో ఒక పొద్దున, దిగుతుంటే బాపు, ఈరోజు దూరం కిరాయి ఉంది, రాలేను, బస్సులో వచ్చెయ్యమన్నాడు. మామూలుగా అన్నాడు, ఎప్పుడూ అనే మాటలాగే. సాయంత్రం స్టాపులో నిలబడ్డాను. మొదటి బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వేపచెట్టు కింద ఖాళీ చోటు చూస్తూ నిలబడ్డాను. ఆయన మనసు మార్చుకుని వస్తాడేమో, వచ్చి నేను లేకపోతే ఏమనుకుంటాడో అనిపించింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ వద్దనలేదు, కాళ్ళు కదలలేదు. తర్వాతి బస్సు వచ్చాక ఒక ముసలమ్మ, ఎక్కుతవా ఎక్కవా బిడ్డా అని వెనక నుంచి నెట్టింది. అలా ఎక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా కొంతదూరం నిలబడే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి బాపు అప్పుడే తిరిగివచ్చి, బావి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. గేటు తీసే ఉంది.

"సీటు దొరికిందా?" అని అడిగాడు.

దొరికిందన్నాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, అన్నం పెట్టమని అమ్మకు చెప్పాడు.