మరక తీయడానికి హోసూరు పోయాను

వచ్చేసింది! మా మంజులకు గులాబీ తోట క్యాటలాగు పని వచ్చేసింది! నిన్న మధ్యాహ్నం, నా కళ్ళ ముందే! ఈ బ్లాగు మా అమ్మాయిది, హోసూరు చుట్టుపక్కల తిరిగి తీసిన ఫోటోలు ఇందులో పెడుతుంది. ఈ ఒక్కసారి నన్ను రాయమంది. ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. ఈ రోజు నాకైతే ఏ తప్పూ కనబడడం లేదు.

అసలు నేను బయలుదేరిందే పొరపాటున. మాది మత్తూరు, నలభై ఏళ్ళుగా లాండ్రీ అంగడి. మొన్న సాయంత్రం మంజుల ఫోను చేసి, "పెద్ద కష్టం వచ్చింది నాయనా. నా గులాబీ ఫోటోలు... వాటర్ మార్కు..." అంటుండగానే లైను తెగిపోయింది. నాకు వినబడింది వాటర్ మరక. వాన నీళ్ళు పడి ఫోటోలన్నీ మరకలైపోయాయి కాబోలు అనుకున్నాను. మరకలు తీయడమే నా పని కదా! డజను నిమ్మకాయలు, మెత్తటి పాత గుడ్డలు సంచిలో వేసుకుని, పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను.

ఈ దారిలో రాదలచినవాళ్ళకు చెబుతున్నాను. మత్తూరు నుంచి కృష్ణగిరికి గంట ప్రయాణం, పది రూపాయలు. కృష్ణగిరి బస్టాండు దగ్గర వేడి ఇడ్లీలు తింటే హోసూరు దాకా ఆకలి తెలియదు. అక్కడి నుంచి పద్దెనిమిది రూపాయలు, ఇంకో గంటంబావు. ఎడమ పక్క కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. కుందారపల్లి దాటాక కండక్టరు నా సంచి వైపు చూశాడు.

"ఏమప్పా, ఇన్ని నిమ్మకాయలు! యాడన్నా పెండ్లా?"

"కాదప్పా, మా పాప ఫోటోల్లో మరకలు తీసేదానికి."

"ఫోటోలు కూడా ఉతుకుతావా? అట్లయితే నా రేషన్ కార్డు కూడా తీసుకుపో. అందులో మొగమే కనపడదు!"

బస్సంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

హోసూరు బస్టాండు నుంచి ఆటోలో ఐదు రూపాయలు, మేడ మీద ఒక్క గది, అదే మంజుల స్టూడియో. గోడలు చూశాను, పైకప్పు చూశాను. ఎక్కడా తడి లేదు. కంప్యూటరు తెర మీద గులాబీలు కడిగినట్టు మెరుస్తున్నాయి. నేను బల్ల మీద నిమ్మకాయలు పరుస్తుంటే, సంగతి విని మంజుల పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"మరక కాదు నాయనా, మార్కు! ఫోటో నాదని తెలిసేదానికి దాని మీదే సన్నగా వేసే గుర్తు."

"మరి నీళ్ళెందుకు?"

"నీళ్ళు లేవు. పేరే అంత!"

కష్టం మాత్రం నిజమే. తోట యజమానికి చూపడానికని మంజుల ఫోటోలు పంపింది. అవి ఎలాగో ఇంకొకతని చేతిలో పడితే, అతను ఆమె పేరున్న అంచు కత్తిరించేసి, తనవేనని అదే యజమానికి ఇచ్చాడు. ఎవరివో తేల్చుకోవడానికి యజమాని మూడు గంటలకు వస్తాడు. ఈ పని పోతే గది ఖాళీ చేయాల్సిందే.

"పేరు యాడ వేసినావు?"

"కింద, మూలలో."

"అంచున వేస్తే కత్తిరించరా అమ్మా? మనం అట్లా వేస్తామా?"

మా వృత్తిలో ఒక ఇంటి బట్టలు ఇంకో ఇంటివాటితో కలవకుండా నల్లజీడి రసంతో గుర్తు వేస్తాం. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మా ఇంటి గుర్తు అర్ధచంద్రం, పైన మూడు చుక్కలు. ఆ మాట అనగానే మంజుల తల వంచుకుంది.

"నాయనా, నీకొకటి చెప్పల్లా. ఆరో క్లాసులో నా స్కూలు పావడకు ఆ గుర్తు వేసినావు కదా. పిల్లోళ్ళు నవ్వినారని కత్తెరతో కోసేసినా. ఇంత బొక్క పడింది. మునెమ్మత్త అతుకు వేసి దాచిపెట్టింది."

ఇన్నేళ్ళకు ఇప్పుడు తెలిసింది నాకు! మంజుల తెల్ల కాగితం నా ముందు పెట్టింది.

"ఆ గుర్తు గీయి నాయనా. ఈసారి కోస్తే బొక్క పడేటట్లు వేస్తా."

గీశాను. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, పువ్వు నడిమధ్యన, రేకుల మీదుగా, మంచు పట్టినంత పలచగా పరిచింది. గులాబీ గులాబీలాగే ఉంది, గుర్తూ ఉంది.

మూడు గంటలకు యజమాని వచ్చాడు. ఆ ఇంకొకతను తనకిచ్చిన ఫోటో తెచ్చాడు, అది పువ్వు కాడ దగ్గరే ఆగిపోయింది. మంజుల దాచుకున్న అసలు ఫోటోలో కింద పువ్వు కోసే ఆవిడ వేళ్ళు కూడా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"నీదే అమ్మా. ఈ ఏడు పని నీకే. ఆ తెర మీది పువ్వులో చంద్రుడేంది?"

కూతురికి నామోషీ ఎందుకని నేను టీ నెపంతో లేచాను. మంజుల నా చేయి పట్టుకుంది.

"మా నాయన గుర్తు సార్. మాకు మత్తూరులో లాండ్రీ ఉంది. ఈయనే మా నాయన."

"బాగుందమ్మా. క్యాటలాగులో నీ పేరు పక్కన కూడా ఉండనీ."

నిమ్మకాయలు వృథా పోలేదు, ముగ్గురం షర్బత్ తాగాం.

నలభై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళ గుర్తులు వేశానో! ఎవరి బట్టలు వాళ్ళకు చేరితే చాలనుకున్నానే గాని, నా గుర్తును మా అమ్మాయి అడిగి మరీ పెట్టుకునే రోజు వస్తుందని అనుకోలేదు. తిరుగు బస్సులో ఎండ ఏ పక్క నుంచి కొట్టిందో కూడా తెలియలేదు. ఫోటోలు తీసేవాళ్ళకు నా సలహా ఒక్కటే: గుర్తు నడిమధ్యన పలచగా వేయండి, అదీ నకలు మీదే. అసలు ఫోటో ముట్టుకోకుండా విడిగా దాచుకోండి.

ఇక చెప్పాల్సినవాళ్ళు: కుందారపల్లి బావ, కృష్ణగిరిలో మా పెద్దోడు, కోడలు, మంజుల మేనమామలు ఇద్దరూ, వాళ్ళ అమ్మమ్మ (చెవి దగ్గర గట్టిగా చెప్పాలి). చివరగా కల్లావిలో మా చెల్లెలు మునెమ్మ. ఆ పావడ సంగతి ఇన్నేళ్ళు నా దగ్గర దాచినందుకు ముందు పోట్లాడి, తరువాత చెబుతాను.